నాలుకతో చూడాలా, చెవితో చూడాలా, కర్ర సరిపోతుందా?

“నాలుకతో చూసే మెషీన్ వచ్చిందట కదా, తెప్పిద్దామా?” చూపు తగ్గిపోతున్న పెద్దవాళ్లున్న ఇళ్లలో ఈ ప్రశ్న ఈమధ్య తరచుగా వింటున్నాను. వాట్సాప్‌లో వీడియో తిరుగుతూ ఉంటుంది. నల్ల కళ్లద్దాలు పెట్టుకున్న ఒకాయన చిన్న బిళ్లలాంటిది నాలుక మీద పెట్టుకుని, బల్ల మీదున్న కప్పును తడుముకోకుండా అందుకుంటాడు. వీడియోలో మోసమేం లేదు. ఆ పరికరం నిజంగానే ఉంది, పని కూడా చేస్తుంది. అయితే చెన్నై టీ.నగర్‌లో ఉస్మాన్ రోడ్డు మీద నడవడానికి అది పనికొస్తుందా, దానికి పెట్టే లక్షలు ఇంకెక్కడైనా పెడితే మేలా అన్నది వేరే లెక్క.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఒక ఇంద్రియం పనిని ఇంకో ఇంద్రియంతో చేయించే ఈ పరికరాల్లో, ఒకే ఒక్క సంగతి చెప్పేవి వాడుకలో నిలుస్తాయి. లోకమంతా చూపిస్తామనేవి కొన్నాళ్లకు అటకెక్కుతాయి. ఎందుకో తెలియాలంటే ఇవి ఎలా పనిచేస్తాయో కాస్త తెలియాలి.

ఇంకో మాట. చూపు పూర్తిగా పోని వాళ్లు ఈ పరికరాల జోలికి వెంటనే రానక్కర్లేదు. “కనబడదు” అని మనం అనే వాళ్లలో చాలామందికి ఎంతో కొంత చూపు మిగిలే ఉంటుంది. వాళ్లకు సరైన భూతద్దం, మంచి లైటు, ఫోన్‌లో అక్షరాల సైజు పెంచుకోవడం, మెట్ల అంచుకు పసుపు టేపు వంటివే ముందు. శంకర నేత్రాలయ లాంటి పెద్ద కంటి ఆసుపత్రుల్లో లో విజన్ విభాగం అని విడిగా ఉంటుంది. అక్కడికి ఒకసారి వెళ్లి వచ్చాకే మిగతాది చదవండి.

వీపుతో మొదలైంది

1969లో పాల్ బాక్-ఇ-రీటా అనే అమెరికన్ శాస్త్రవేత్త, తన బృందంతో కలిసి నేచర్ పత్రికలో ఒక ప్రయోగం గురించి రాశాడు. పళ్ల డాక్టరు దగ్గరుండే కుర్చీ ఒకటి తీసుకుని, వీపు ఆనే చోట 400 చిన్న పుల్లలు అమర్చారు. ఎదురుగా ఉన్న టీవీ కెమెరాకు వెలుతురు కనిపించిన చోటికి సరిపడే పుల్లలు వణుకుతాయి. చూపులేనివాళ్లు అందులో కూర్చుని, కొంత సాధన తర్వాత, ఎదురుగా ఉన్నది టెలిఫోనో కుర్చీయో చెప్పగలిగారు.

అందులో మనకు పనికొచ్చే ముక్క ఒకటుంది. కెమెరాను ఇంకొకరు తిప్పితే కూర్చున్నవాళ్లకు వీపు మీద ఏదో కదులుతున్నట్టే ఉండేది. తామే తిప్పుకుంటే మాత్రం ఆ వస్తువు తమ ఎదురుగా, బయట, ఫలానా చోట ఉన్నట్టు అనిపించేది. అంటే సెన్సర్‌ను ఎటు తిప్పాలో వాడే మనిషి చేతిలోనే ఉండాలి. ఈ పరికరాల్లో ఏది చూసినా నేను మొదట చూసేది ఇదే. చేతిలో పట్టుకునేదా, తలకు పెట్టుకునేదా, లేక ఒంటి మీద ఒకచోట బిగించి వదిలేసేదా? ఎటు కావాలంటే అటు గురిపెట్టడానికి వీలుంటేనే మెదడు త్వరగా అర్థం చేసుకుంటుంది.

రెండో సంగతి చర్మం గురించి. వేలి కొన మీద రెండు సూదిమొనలు 2 మిల్లీమీటర్ల దూరంలో ఉన్నా రెండని తెలుస్తుంది. వీపు మీద ఆ దూరం 4 సెంటీమీటర్ల దాకా ఉండాలి. వీపు ఎంత విశాలమైనా అక్కడ సన్నని బొమ్మ పట్టదు. నాలుక కొన వేలి కొన కన్నా సూక్ష్మం. పైగా ఎప్పుడూ తడిగా ఉంటుంది కాబట్టి చాలా కొద్దిపాటి కరెంటుతోనే స్పర్శ పుట్టించవచ్చు. అందుకే అదే శాస్త్రవేత్త చివరికి వీపు వదిలేసి నాలుకకు వచ్చాడు.

నాలుక పరికరం: ఎవరికి, ఎందుకు కాదు

దాని పేరు బ్రెయిన్‌పోర్ట్. అమెరికాలో విస్కాన్సిన్ రాష్ట్రానికి చెందిన వైకాబ్ అనే కంపెనీ చేసింది. కళ్లద్దాలకు కెమెరా ఉంటుంది. దాన్నుంచి వచ్చిన బొమ్మ, నాలుక మీద పెట్టుకున్న బిళ్లలోని 400 ఎలక్ట్రోడ్ల (సన్నగా కరెంటు ఇచ్చే చుక్కల) మీద చిమచిమగా తెలుస్తుంది. తెలుపు ఉన్న చోట గట్టిగా, నలుపు ఉన్న చోట ఏమీ లేకుండా. గోలీ సోడా తాగినప్పుడు నాలుక మీద చురుక్కుమన్నట్టు ఉంటుందని వాడినవాళ్లు చెప్పే తీరును బట్టి ఊహించుకోవచ్చు.

2015 జూన్‌లో అమెరికాలో వైద్య పరికరాలను పరిశీలించే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌డీఏ దీన్ని అమ్మడానికి అనుమతించింది. సంవత్సరం పాటు శిక్షణ, వాడకం పూర్తిచేసిన 74 మందిలో 69 శాతం మంది వస్తువులను గుర్తుపట్టే పరీక్ష నెగ్గారు. మంచి ఫలితమే. అయితే ఆ అంకెను అటువైపు నుంచి కూడా చదవాలి. ఏడాది కష్టపడినా దాదాపు మూడోవంతు మందికి కుదరలేదు. కొందరికి నాలుక మంట, లోహపు రుచి లాంటి ఇబ్బందులు వచ్చాయి. అనుమతి వచ్చినప్పుడు చెప్పిన ధర 10,000 డాలర్ల చుట్టుపక్కల. మన డబ్బులో ఎనిమిది లక్షలు దాటిన మాట.

ఇవన్నీ పక్కన పెట్టినా మన వీధుల్లో దీనికి ఒక పెద్ద చిక్కుంది. నోట్లో బిళ్ల ఉన్నంతసేపూ మాట్లాడలేరు. చెన్నైలో చూపులేని మనిషి బయటికి వెళ్తే సగం దారి నోటితోనే దొరుకుతుంది. “అన్నా, 12బీ వచ్చిందా?” అని అడగాలి, ఆటోవాడితో బేరం ఆడాలి, రోడ్డు దాటించమని పక్కవాళ్లను పిలవాలి. నోరు మూయించే పరికరం ఇక్కడ ఎంతవరకు పనికొస్తుంది? పరిశోధన సంస్థ ఏదైనా ఉచితంగా ఇచ్చి, నేర్పించి, పాడైతే బాగుచేసి ఇస్తానంటే తప్పకుండా ప్రయత్నించండి. సొంత డబ్బు పెట్టి మాత్రం వద్దనే నా సలహా.

చెవితో చూడటం: ఖర్చు లేదు, ఓపిక కావాలి

దీని దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతాను. ఎందుకంటే ఇది ఉచితం. ఆండ్రాయిడ్ ఫోన్ ఉన్న ఎవరైనా ఈ రాత్రే వేసి చూడొచ్చు.

పీటర్ మెయెర్ అనే డచ్ శాస్త్రవేత్త ఫిలిప్స్‌లో పనిచేసే రోజుల్లో తయారుచేసి 1992లో ప్రకటించిన పద్ధతి ఇది. పేరు ది వాయిస్. కెమెరా బొమ్మను ఎడమ నుంచి కుడికి ఒక సెకనులో ఊడ్చినట్టు చదువుతుంది. పైన ఉన్నది సన్నని స్వరం, కింద ఉన్నది బొంగురు స్వరం. వెలుతురు ఎక్కువైతే శబ్దం గట్టిగా, చీకటైతే నిశ్శబ్దం. ఎడమవైపున్నది ఎడమ చెవిలో మొదలై కుడివైపున్నది కుడి చెవిలో ముగుస్తుంది. అంతే నియమాలు. కింద ఎడమ మూల నుంచి పైన కుడి మూలకు వెళ్లే గీత ఉందనుకోండి, శబ్దం కింది స్వరం నుంచి పై స్వరానికి జారుతూ పోతుంది. అడ్డగీత అయితే ఒకే స్వరం సెకను పొడుగునా సాగుతుంది.

మా బాబాయికి నీటికాసుల వల్ల యాభై దాటాక చూపు పోయింది. ఉండేది వెస్ట్ మాంబళంలో. ఐడీ కార్డు తాడుకు ఫోన్ తగిలించి మెడలో వేసుకుని, హాల్లో కిటికీకి ఎదురుగా కూర్చుని ఇది సాధన చేశాడు. మొదట్లో చెవిలో ఏదో పాత రేడియో స్టేషన్ దొరకనట్టు గరగర తప్ప ఏమీ లేదని విసుక్కున్నాడు. కొన్నాళ్లకు కిటికీ దొరికింది. వెలుతురు పడే చోట శబ్దం ఒక్కసారిగా లేచి, నిలువు ఊచలున్న ప్రతిచోటా తెగి, మళ్లీ లేస్తుంది. ఆ తెగడాన్ని బట్టి ఊచలు లెక్కపెట్టాడు. ఒకరోజు ఉన్నట్టుండి శబ్దం మధ్యలో పెద్ద ఖాళీ పడింది. “ఒరేయ్, మీ పిన్ని అడ్డొచ్చింది” అన్నాడు. “అడ్డం రాలేదు, కాఫీ తెచ్చాను” అంది పిన్ని.

చూపు ఒకప్పుడు ఉండి పోయినవాళ్లకు ఇందులో ఒక సౌలభ్యం ఉంది. కిటికీ అంటే ఏమిటో, దూరం పెరిగితే వస్తువు చిన్నదిగా కనబడటం అంటే ఏమిటో వాళ్లకు తెలుసు. పుట్టుకతోనే చూపులేనివాళ్లు శబ్దంతో పాటు ఆ నియమాలను కూడా కొత్తగా నేర్చుకోవాలి. చెయ్యలేరని కాదు, సాధన ఇంకొంచెం ఎక్కువ పడుతుంది.

ఇక రోడ్డు సంగతి. బొమ్మ సెకనుకు ఒకటి. గంటకు 30 కిలోమీటర్ల వేగంతో వచ్చే ఆటో ఆ ఒక్క సెకనులో 8 మీటర్లు ముందుకొచ్చేస్తుంది. దానికి తోడు ఈ యాప్ వాడేది చెవిని. మన రోడ్ల మీద చూపులేనివాళ్లకు ప్రాణం కాపాడేది కూడా ఆ చెవే. బండి ఎటునుంచి వస్తోంది, బస్సు ఆగిందా, ముందు నడిచేవాళ్లు ఆగారా అన్నీ చెవికే తెలియాలి. దాని మీద ఇంకో శబ్దం కప్పడం ప్రమాదం. అందుకని ది వాయిస్ ఇంట్లో, ఆఫీసులో, పార్కులో, తెలిసిన చోట్ల వాడండి. వాడేటప్పుడు కూడా చెవిలో దూర్చే ఇయర్‌ఫోన్లు వద్దు. చెంప ఎముక మీద ఆనే బోన్ కండక్షన్ ఇయర్‌ఫోన్లు పెట్టుకుంటే చెవి రంధ్రం తెరిచే ఉంటుంది.

కంప్యూటర్ మీద పనిచేసే కుర్రవాళ్లకు ఇంకో లాభం ఉంది. గ్రాఫు పైకి పోతోందా కిందికి వస్తోందా అన్నది ఈ పద్ధతిలో ఒక్క సెకనులో చెవికి తెలిసిపోతుంది. గ్రాఫును మాటల్లో వర్ణించమంటే అంత త్వరగా ఎవరూ చెప్పలేరు.

కర్ర

తెల్లకర్ర నేల సంగతి చెబుతుంది. గుంట, మెట్టు, మురుగు కాలువ మూత, ఫుట్‌పాత్ అంచు అన్నీ కర్ర కొనకు తెలుస్తాయి. నడుముకు పైనున్నవి తెలియవు. ఆగి ఉన్న లారీ వెనక తలుపు, వీధిలోకి తెరుచుకున్న కిటికీ రెక్క, ఏసీ బయటి పెట్టె, వంగిన చెట్టు కొమ్మ, ఫ్లెక్సీ కట్టిన కర్రలు, ఇవన్నీ మొహానికో ఛాతీకో తగిలాకే తెలుస్తాయి. మెట్రో పనులు మొదలయ్యాక చెన్నైలో ఇవి ఇంకా పెరిగాయి.

స్మార్ట్‌కేన్ ఈ ఒక్క లోటు కోసం పుట్టింది. ఐఐటీ ఢిల్లీలో రూపొందించారు. 2014లో మార్కెట్‌లోకి వచ్చింది. తయారుచేసింది మన చెన్నై కంపెనీయే, ఫీనిక్స్ మెడికల్ సిస్టమ్స్. మామూలు మడత కర్ర పైన పిడిలాగా అమరుతుంది. అందులోంచి చెవికి వినిపించని అల్ట్రాసౌండ్ వెళ్లి, మోకాలి పై నుంచి తల ఎత్తు దాకా ఏదైనా అడ్డు ఉంటే తగిలి తిరిగొస్తుంది. పిడి వణుకుతుంది. వస్తువు దగ్గరైన కొద్దీ వణుకు తీరు మారుతుంది. ఇంట్లో, జనంలో వాడటానికి 1.8 మీటర్ల దూరం, బయట వాడటానికి 3 మీటర్ల దూరం, ఇలా రెండు సెట్టింగులు ఉంటాయి. మొదట వచ్చినప్పుడు ధర 3,000 రూపాయల చుట్టుపక్కల ఉండేది.

పైన చెప్పిన పరీక్షలన్నింటికీ ఇది నిలబడుతుంది. గురిపెట్టేది వాడే మనిషే. చెవినీ నోటినీ ముట్టుకోదు. చెప్పేది ఒక్కటే సంగతి, ముందు అడ్డుంది అని. బ్యాటరీ అయిపోయినా చేతిలో కర్ర మిగిలే ఉంటుంది. ఈ చివరిది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ, సాయంత్రం కోడంబాక్కం బ్రిడ్జి దగ్గర చార్జింగ్ అయిపోయినప్పుడు దాని విలువ తెలుస్తుంది.

లోపాలూ ఉన్నాయి. గుంటల గురించి పై సెన్సర్ ఏమీ చెప్పదు, అది కర్ర కొన చూసుకోవాల్సిన పని. ఏటవాలుగా ఉన్న నున్నటి అద్దం శబ్దాన్ని పక్కకు తోసేస్తుంది. మెత్తటి బట్ట కొంత మింగేస్తుంది. జనం కిక్కిరిసిన చోట అన్ని వైపులా అడ్డే కాబట్టి పిడి ఆగకుండా వణుకుతుంది. అప్పుడు తక్కువ దూరానికి మార్చుకోవాలి, లేదా సెన్సర్ ఆపేసి మామూలు కర్రలా వాడుకోవాలి. మా బంధువులు ఒకరు ఆన్‌లైన్‌లో ఎక్కడో చూసి బీప్‌మనే అల్ట్రాసోనిక్ కళ్లజోడు కొన్నారు. రంగనాథన్ స్ట్రీట్‌లో అడుగు పెట్టిన దగ్గర్నుంచి బయటపడేదాకా అది ఒకటే మోత. దూరం తగ్గించే వీలు లేదు, ఆపితే మామూలు కళ్లజోడు. తిరిగి తీసుకోమంటే అమ్మినవాళ్లు ఫోన్ ఎత్తలేదు. కొనేముందు దూరం మార్చుకునే బటన్ ఉందా లేదా చూడండి.

స్మార్ట్‌కేన్ కొనడం కన్నా ముందు తెల్లకర్రతో నడవడం నేర్చుకోవాలి. మొబిలిటీ శిక్షణ అంటారు దీన్ని. కర్రను ఎలా ఊపాలి, మలుపు ఎలా పట్టాలి, రోడ్డు శబ్దాన్ని బట్టి దాటే సమయం ఎలా తెలుసుకోవాలి అన్నవి దీంట్లో నేర్పుతారు. పూందమల్లిలో జాతీయ దృష్టి వైకల్య సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది, అక్కడ అడగండి. మాకు తెలిసినవాళ్లలో స్మార్ట్‌కేన్ మూలపడేసిన ప్రతి ఇంట్లోనూ కారణం ఒక్కటే, మామూలు కర్ర అలవాటు కాకముందే దీన్ని కొనేశారు.

నోటి చిటికె

అసలు ఏ పరికరమూ లేని మార్గం కూడా ఒకటుంది. నాలుకతో టక్‌మని చప్పుడు చేసి, గోడ నుంచో స్తంభం నుంచో వచ్చే ప్రతిధ్వనిని బట్టి దారి తెలుసుకోవడం. పసితనంలోనే కంటి క్యాన్సర్‌తో రెండు కళ్లూ పోగొట్టుకున్న అమెరికన్ డేనియల్ కిష్ దీన్ని ప్రపంచానికి పరిచయం చేశాడు. సైకిల్ కూడా తొక్కుతాడు. ఇంగ్లండ్‌లోని డరమ్ యూనివర్సిటీవాళ్లు 2021లో ప్రచురించిన అధ్యయనంలో చూపున్నవాళ్లు, లేనివాళ్లు కలిపి 26 మందికి 10 వారాలు నేర్పారు. వయసు 21 నుంచి 79 దాకా. అందరూ నేర్చుకున్నారు. మూడు నెలల తర్వాత అడిగితే చూపులేనివాళ్లలో 83 శాతం మంది స్వతంత్రంగా తిరగడం, బాగోగులు మెరుగయ్యాయని చెప్పారు.

హారన్ల మధ్య ఇది పనిచేయదు. అపార్ట్‌మెంట్ కారిడార్, లిఫ్ట్ ముందు ఖాళీ, గుడి ప్రాకారం, తెల్లవారుజామున వీధి, ఇలాంటి చోట్ల బ్రహ్మాండంగా పనిచేస్తుంది. ఇంట్లో పిల్లలుంటే వాళ్ల కళ్లకు గంతలు కట్టి, ఉక్కు పళ్లెం ఒకటి మొహం ముందు పెట్టి ఒకసారి, తీసేసి ఒకసారి, నాలుకతో టక్‌మనిపించి చూడండి. తేడా పిల్లలకు వెంటనే తెలుస్తుంది.

మాట్లాడే యాప్‌లు ఈ కోవలోకి వస్తాయా?

రావు, కానీ పోటీకి వస్తాయి. కెమెరా చూసిన దాన్ని మాటల్లో చెప్పే యాప్‌లూ కళ్లజోళ్లూ ఇంద్రియాన్ని మార్చవు, మధ్యలో ఒక చెప్పే మనిషిని పెడతాయి. ఉత్తరం చదవడానికి, మందు పేరు తెలుసుకోవడానికి, చీర రంగు చూసుకోవడానికి ఇవే మేలు. ఏ నాలుక పరికరమూ కరెంటు బిల్లు చదవలేదు. మైక్రోసాఫ్ట్ సీయింగ్ ఏఐ ఉచితం. నోట్లు గుర్తుపట్టడానికి రిజర్వ్ బ్యాంక్ 2020లో తెచ్చిన మణి యాప్ ఉంది, ఇంటర్నెట్ లేకున్నా పనిచేస్తుంది. బీ మై ఐస్ అనే యాప్‌లో వీడియో కాల్ చేస్తే వలంటీరు చూసి చెబుతారు. అందులో మీ భాష తెలుగు అని పెట్టుకోండి.

భాష అనగానే ఒక సంగతి గుర్తొచ్చింది. చెన్నైలో ఉంటున్న మన పెద్దవాళ్లలో చాలామందికి తమిళం వినడానికి సరే, ఇంగ్లీషు అంతంత మాత్రం. ఖరీదైన మాట్లాడే కళ్లజోళ్లు కొనేటప్పుడు తెలుగు చదువుతుందా, చదివినా ఆ ఉచ్చారణ అర్థమవుతుందా అని షాపులోనే ఒక తెలుగు పేపరు పెట్టి చూడాలి. చేతిలో వణికే కర్రకు ఈ గొడవ లేదు.

వినికిడి తగ్గినవాళ్లకు

ఇక్కడ నా సలహా కొంచెం కటువుగా ఉంటుంది. పుట్టుకతో వినికిడి లేని చిన్నపిల్లలకు శబ్దాన్ని వణుకుగా మార్చే చేతి పట్టీలు కొని కాలం గడపకండి. భాష పట్టుబడే వయసు చాలా చిన్నది. ఆపరేషన్ చేసి చెవి లోపల పెట్టే కాక్లియర్ ఇంప్లాంట్ కుదురుతుందా అని ముందు పరీక్ష చేయించండి. ఐదేళ్ల లోపు పిల్లలకు కేంద్ర ప్రభుత్వ పథకంలో సాయం ఉంది. ఇంప్లాంట్ కుదరకపోతే సంజ్ఞాభాష వెంటనే మొదలుపెట్టండి.

పెద్దవాళ్ల సంగతి వేరు. డేవిడ్ ఈగిల్‌మన్ అనే న్యూరోసైంటిస్ట్ నియోసెన్సరీ అనే కంపెనీ పెట్టి బజ్ అనే పట్టీ తెచ్చాడు. నాలుగు చిన్న మోటార్లు, ఏ స్వరం వినిపిస్తే దానికి తగిన చోట మణికట్టు మీద వణుకుతాయి. తలుపు చప్పుడు, కుక్క మొరుగు, ఎవరో పిలవడం క్రమంగా తేడాలతో తెలుస్తాయి. బాగుంటుంది, కానీ అమెరికా నుంచి తెప్పించాలి, బాగుచేయించడమూ అక్కడే. దానికన్నా ముందు మీ చేతిలో ఉన్న ఫోన్ చూడండి. ఆండ్రాయిడ్‌లో సౌండ్ నోటిఫికేషన్స్, ఐఫోన్‌లో సౌండ్ రికగ్నిషన్ అని 2020 నుంచీ ఉన్నాయి. కాలింగ్ బెల్, పిల్లల ఏడుపు, పొగ అలారం వినబడితే ఫోన్ వణుకుతుంది. దానికి కలిసే స్మార్ట్‌వాచ్ ఉంటే చేతికి కూడా తెలుస్తుంది. మాటలు చదువుకోవడానికి గూగుల్ లైవ్ ట్రాన్స్‌క్రైబ్ తెలుగులో కూడా రాసి చూపిస్తుంది. పది మందిలో ఎనిమిది మందికి ఇంతటితో సరిపోతుందని నా అంచనా.

చూపూ వినికిడీ రెండూ లేనివాళ్లకు అంతా స్పర్శతోనే జరగాలి. వాళ్ల విషయంలో ఆన్‌లైన్ సలహాలు పనికిరావు. ఈసీఆర్ మీద ముట్టుకాడులో ఉన్న జాతీయ బహుళ వైకల్య సంస్థకు నేరుగా వెళ్లండి.

అన్నీ బాగున్నవాళ్లకు కొత్త ఇంద్రియం

సరదా కోసం అడిగే సాఫ్ట్‌వేర్ కుర్రాళ్లు ఉంటారు. వాళ్లకు నేను చెప్పేది దిక్కు బెల్టు. జర్మనీలోని ఓస్నాబ్రూక్ యూనివర్సిటీలో పీటర్ కోనిగ్ బృందం ఫీల్‌స్పేస్ పేరుతో ఈ ప్రయోగం చేసి 2005లో ప్రచురించింది. నడుము చుట్టూ మోటార్లు, ఉత్తరం వైపున్నది మాత్రమే వణుకుతుంది. మీరు తిరిగితే వణుకు కూడా నడుము చుట్టూ తిరుగుతుంది. వారాల తరబడి కట్టుకున్నవాళ్లలో కొందరికి ఊరి పటం మనసులో కుదురుకున్నట్టు అనిపించింది. తర్వాత అదే 16 మోటార్లతో చూపులేనివాళ్ల కోసం అమ్మకానికి వచ్చింది.

మన పల్లెల్లో “ఉత్తరం సందులో మూడో ఇల్లు” అనే ముసలివాళ్లకు ఈ బెల్టు ఎప్పటినుంచో ఉన్నట్టే లెక్క. అపార్ట్‌మెంట్లకు వచ్చాక పోయింది. చెన్నైలో అండర్‌గ్రౌండ్ మెట్రో స్టేషన్ నుంచి పైకి వచ్చి, ఏ గేటు నుంచి వచ్చామో తెలియక బిత్తరపోయే క్షణం ఉంటుంది చూశారా, సరిగ్గా అప్పుడే దీని ఉపయోగం. రైల్లో, బస్సులో మాత్రం నమ్మకండి. చుట్టూ ఇనుము ఉంటే దిక్సూచి తప్పు చెబుతుంది.

కొనక్కర్లేదు, చేసుకోవచ్చు. కాలి చీలమండకు ఎనిమిది మోటార్లతో కట్టుకునే నార్త్ పా అనే రకం ప్లాన్లు ఎన్నో ఏళ్లుగా అందుబాటులో ఉన్నాయి. రిచీ స్ట్రీట్‌లో నాణెం మోటార్లు, చిన్న మైక్రోకంట్రోలర్ బోర్డు, డిజిటల్ దిక్సూచి మాడ్యూల్ అన్నీ దొరుకుతాయి. రెండు జాగ్రత్తలు చెబుతాను. ఒకటి, దిక్సూచి చిప్‌ను మోటార్లకు దూరంగా పెట్టండి, మోటార్లో అయస్కాంతం ఉంటుంది. రెండోది, ఒక చిప్ పేరు మీద ఇంకో చిప్ అమ్మడం ఇక్కడ మామూలే. పేరు దాదాపు ఒకటే ఉంటుంది, బోర్డు దాన్ని పిలిచే అడ్రస్ వేరు, పాత కోడ్ దాన్ని పట్టుకోదు. మాడ్యూల్ పాడైపోయిందని పారెయ్యకముందు చిప్ మీది సన్న అక్షరాలు చదవండి.

వేలిలో అయస్కాంతం కుట్టించుకుని కరెంటు తీగల దగ్గర స్పర్శ పొందే పిచ్చి కూడా విదేశాల్లో కొందరికి ఉంది. ఎప్పుడో ఎంఆర్ఐ తీయించుకోవాల్సి వస్తే ఏమవుతుందో ఆలోచించి మానుకోండి.

డబ్బు పెట్టే ముందు

కంపెనీ పోతే ఏమవుతుందన్నది అందరూ వదిలేసే ప్రశ్న. ఆర్గస్ 2 అని కంటిలోపల 60 ఎలక్ట్రోడ్లతో పెట్టే కృత్రిమ రెటీనా ఉండేది. అమెరికాలో 2013లో అనుమతి వచ్చింది. ప్రపంచంలో 350 మందికి పైగా వేయించుకున్నారు. కంపెనీ ఆ ఉత్పత్తిని ఆపేసింది, ఆ తర్వాత డబ్బుల ఇబ్బందుల్లో పడింది. పాడైతే చూసే దిక్కు లేకుండా కొందరి కళ్లలో ఆ పరికరం అలాగే ఉండిపోయింది. చేతికి కట్టుకునే పరికరానికి అంత ప్రమాదం లేకపోయినా, ఫోన్ యాప్ లేనిదే పనిచేయని పట్టీ అయితే యాప్ ఆగిన రోజు అదీ ఆగుతుంది. యాప్ లేకుండా పనిచేస్తుందా అని అడగండి. చార్జింగ్ పిన్ మామూలు ఫోన్‌దేనా చూడండి. చెన్నై చెమటకు, నవంబర్ వానకు తట్టుకుంటుందా అని కూడా. విదేశీ సరుకు చాలావరకు ఈ చివరి ప్రశ్న దగ్గర తడబడుతుంది.

చేతితో పట్టుకుని చూడాలంటే మెరీనా ఎదురుగా, కామరాజర్ సాలైలో లేడీ విల్లింగ్డన్ కాలేజీ ఆవరణలో మ్యూజియం ఆఫ్ పాసిబిలిటీస్ ఉంది. తమిళనాడు ప్రభుత్వం విద్యాసాగర్ సంస్థతో కలిసి 2022లో తెరిచింది. వైకల్యం ఉన్నవాళ్లకు పనికొచ్చే పరికరాలు ఒకచోట పెట్టి చూపిస్తారు. పెద్దవాళ్లను తీసుకెళ్లి, వాళ్ల చేతికే ఇవ్వండి. మీరు చూసి మీరు నిర్ణయించేసి ఇంటికి తెచ్చి ఇవ్వకండి.

కేంద్రం వారి ఏడీఐపీ అనే సహాయ పరికరాల పథకంలో 40 శాతం, ఆ పైన వైకల్యం సర్టిఫికెట్ ఉన్నవాళ్లకు ఆదాయాన్ని బట్టి పూర్తిగానో సగం ధరకో పరికరాలు ఇస్తారు. యూడీఐడీ అనే వైకల్య గుర్తింపు కార్డు నెల్లూరులో తీసుకున్నదైనా దేశమంతా చెల్లుతుంది. రాష్ట్ర ప్రభుత్వ పథకాలకు మాత్రం తమిళనాడు చిరునామా అడుగుతారు, కాబట్టి ఆధార్‌లో అడ్రస్ ముందే మార్చుకోవడం మంచిది.

మరి ఎవరికి ఏది?

చూపు పోయి కొత్తగా ఇంట్లో కూర్చున్న అరవై ఏళ్ల మనిషికి: మొబిలిటీ శిక్షణ, మామూలు తెల్లకర్ర, ఫోన్‌లో తెర మీదున్నది తెలుగులో చదివి వినిపించే టాక్‌బ్యాక్. బయటికి వెళ్లడం అలవాటయ్యాక స్మార్ట్‌కేన్. ఇంకేమీ వద్దు.

కాలేజీకో ఉద్యోగానికో రోజూ ఒంటరిగా తిరిగే యువకులకు మొదటిరోజు నుంచే స్మార్ట్‌కేన్ తీసుకోవచ్చు, కర్ర చేతికి అలవాటై ఉంటుంది కాబట్టి. నోటి చిటికె నేర్చుకుంటే ఇంకా మంచిది. ది వాయిస్ వాళ్లకే ఎక్కువగా సరిపడుతుంది, సాధన చేసే ఓపిక, గ్రాఫుల అవసరం రెండూ ఉంటాయి. రోజుకు అరగంట చొప్పున రెండు నెలలు పెట్టలేమనుకుంటే అసలు మొదలుపెట్టకండి.

చదవడమే ప్రధాన సమస్య అయితే ఈ పరికరాలేవీ వద్దు, యాప్‌లు చాలు. వినికిడి తగ్గిన పెద్దవాళ్లకు డాక్టరు చెప్పిన వినికిడి యంత్రం, ఫోన్‌లో నోటిఫికేషన్లు. ఎనిమిది లక్షలు నిజంగానే చేతిలో ఉండి, ఖర్చు పెట్టి తీరాలనుకుంటే, నాలుక పరికరం కన్నా ముందు ఒక మంచి మొబిలిటీ శిక్షకుణ్ని ఇంటికి పిలిపించుకోండి. మీ వీధిలో, మీ బస్ స్టాప్ దాకా, మీ కూరగాయల కొట్టు దాకా ఆ దారులనే నేర్పమనండి. మిగిలిన డబ్బులో ఒక స్మార్ట్‌కేన్ కొని, బ్యాటరీ అరిగిపోయే రోజు కోసం రెండోది పక్కన పెట్టుకోండి.